మోకాళ్ల నొప్పికి అట్టలు కాదు, ఇంటికొచ్చే వైద్యం అడుగుదాం



"మోకాలి అరుగుదల మాయం" అంటూ బూటు అట్టలు అమ్మేవాళ్లకు మన కూడికల్లో బల్ల వేసివ్వడం ఇక చాలంటున్నాం. హోసూరు, కృష్ణగిరిలో మన పెద్దలు పింఛను డబ్బు పెట్టి వాటిని కొంటున్నారు.

అందులో నిజం బొత్తిగా లేదా? కొంత ఉంది. బయటి అంచు ఎత్తుగా ఉన్న అట్ట వేసుకుంటే మోకాలి లోపలివైపు భారం కాస్త తగ్గుతుంది. కానీ భారం తగ్గినంత మాత్రాన నొప్పి తగ్గదు. 2013లో జామా వైద్యపత్రికలో అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి చూశారు. మామూలు చదును అట్ట కంటే అది నొప్పిని తగ్గించినట్టు తేలలేదు. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఆ ఏటవాలు అట్టలు వద్దనే సూచించింది. పైగా మన అవ్వలు తొడిగేది చెప్పులు. వాటిలో అట్ట నిలుస్తుందా?

మెత్తగా, హాయిగా ఉందనిపిస్తే వాడుకోండి, కాదనం. మందు పేరుతో అమ్మడమే తప్పు.

పనిచేసేవి వేరే ఉన్నాయి: తొడ కండరాలకు వ్యాయామం, ఒళ్లు ఎక్కువుంటే తగ్గడం, నొప్పిలేని వైపు చేతిలో కర్ర. వ్యాయామం నేర్పే మనిషి కోసం వెతకక్కర్లేదు. 'మక్కళై తేడి మరుత్తువమ్' పథకం 2021 ఆగస్టు 5న మన జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. ఇంటి దగ్గర ఫిజియోథెరపీ అందులో భాగం. తమిళంలో అడగడానికి జంకే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ల తరఫున అడగడం సంఘం పని కాదా?

వచ్చే కూడికలో ఆ బల్ల మీద అట్టలొద్దు. ఫిజియోథెరపీ కావలసినవాళ్ల పేర్లు రాసుకునే పుస్తకం పెడదాం.