బల్బు పీకించొద్దు, నంబర్ అడగండి

కొంచెం పెద్ద పోస్టే. పాత పికప్పో, టాటా ఏసో, సెకండ్ హ్యాండ్ కారో ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది కదా, దానికి మన ఊళ్ళల్లో రెండే వైద్యాలు. ఒకటి, పైన నల్ల టేపు అంటించడం, లేదా మీటరు విప్పించి బల్బు పీకించడం. రెండు, షెడ్డుకి తోలడం. అక్కడ మెకానిక్ బానెట్ ఎత్తీ ఎత్తగానే "ఇంజెక్టర్లు పోయాయన్నా" అంటాడు, మనం తలూపి డబ్బులు కడతాం. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు! ఈ రెండు వైద్యాలూ మానెయ్యాలని నా వాదన.

వరి ఆకు పసుపెక్కితే ఏం చేస్తాం? నత్రజని తగ్గిందా, జింకు లోపమా, నీళ్ళు నిలిచి వేరు దెబ్బతిందా అని చూస్తాం. చూడకుండా మందుల షాపుకెళ్తే మూడు డబ్బాలు చేతిలో పెడతాడు. చేను దగ్గర ఇంత తెలివిగా ఉండేవాళ్ళం, బండి దగ్గరికొచ్చేసరికి ఎందుకు నోరు మూసుకుంటాం?

ఆ లైటు వెలిగిందంటే ఇంజిన్ కంప్యూటరు తన దగ్గర ఒక నంబర్ రాసిపెట్టుకుందని అర్థం. ఉదాహరణకి పీ0087. డీజిల్ రైలులో ప్రెజర్ తగ్గిందని చెప్పే నంబర్ అది. ఇంజెక్టర్లు, పంపు పాడైనా అది వస్తుంది. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, పైపులో గాలి చేరినా అదే వస్తుంది. ఫిల్టర్ ఖర్చు వందల్లో, ఇంజెక్టర్ల ఖర్చు వేలల్లో. ముందు ఏది చూడాలో మీరే చెప్పండి. అలాగే పీ0401 వస్తే ఈజీఆర్ దారిలో పొగ సరిగ్గా పారడం లేదని. చాలాసార్లు మసి పట్టి ఉంటుంది, శుభ్రం చేస్తే సరిపోవచ్చు. నంబర్ రోగం ఎటువైపు ఉందో చూపిస్తుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు. అది పరీక్ష చేసి తేల్చాల్సిందే.

"పాత జీపుకి ఈ లైట్లు ఎక్కడున్నాయి? అయినా తిరగలేదా?" అంటారు కొందరు. తిరిగింది, నిజమే. కానీ మన చేతిలో ఉన్నది ఆ జీపు కాదు. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాయి. ఈ బళ్ళలో ఎంత డీజిల్ కొట్టాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. తేడా పెద్దదనిపిస్తే పవర్ తగ్గించేస్తుంది కూడా. టమాటా లోడుతో రాత్రిపూట మదనపల్లె దారిలో ఎత్తు ఎక్కుతుంటే అది జరిగితే? మార్కెట్లో వేలం మన బండి కోసం ఆగదు. టేపు అంటించినంత మాత్రాన రోగం పోదు, మనకి కబురు అందదు, అంతే.

లైట్లన్నీ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ గానీ, టెంపరేచర్ లైటు గానీ వెలిగితే వెంటనే బండి ఆపాలి. పసుపు ఇంజిన్ లైటు నిలకడగా ఉండి, బండి మామూలుగా లాగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరి, తొందరగా చూపించుకోవచ్చు. పెట్రోల్ బండిలో అది మిణుకుమిణుకుమంటుంటే మాత్రం లోడు లాగొద్దు. మిస్‌ఫైర్ అయ్యి కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

ఇంకో మోసం ఉంది. నంబర్ చూడకుండానే చెరిపేసి "లైటు పోయింది, చూడన్నా" అంటారు. రోగం అలాగే ఉంటే లైటు మళ్ళీ వస్తుంది. మన డబ్బు మాత్రం రాదు. నిజంగా పని తెలిసిన మెకానిక్‌లు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళకి దండం. వాళ్ళు అడిగితే చూపిస్తారు, విసుక్కోరు. అందుకే డబ్బు తీసేముందు ఈ మూడూ అడగండి: నంబర్ ఎంత? ఈ పార్టే పోయిందని ఎలా తేల్చావు? పాత పార్టు నా చేతికిస్తావా? జవాబు చెప్పని చోట తాళం తీసుకుని వచ్చెయ్యండి.

పాత బండి కొనేటప్పుడు తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా చూడండి. ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు ఎందుకు పీకారో అమ్మేవాడినే అడగండి.

చివరిగా ఒక మాట. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి పెట్టి ఫోన్లో నంబర్ చదివే చిన్న స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. కొన్ని బళ్ళకి పనిచెయ్యదు, మన బండికి పనికొస్తుందో లేదో అడిగి కొనాలి. స్ప్రేయర్లు ఒకరికొకరం ఇచ్చుకుంటున్నాం కదా, ఇది కూడా ఊరికొకటి ఉంటే చాలు. నలుగురం తలా రెండొందలు వేసుకోలేమా? మీ ఊళ్ళో ఎవరు మొదలుపెడతారో కింద రాయండి.