గూటి చెంత కెమెరా.. తెరపై కత్తెర

సూళ్లూరుపేట: ఏటా అక్టోబరు మొదలు వేసవి ముంగిట వరకు నేలపట్టు చెరువులోని కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను సాకుతుంటాయి. చేరువలోని పులికాట్‌ సరస్సులో రాజహంసలు బారులు తీరుతాయి. కెమెరాలు బారులు తీరేదీ ఈ కాలంలోనే. పక్షులపై మమకారం పెరగడం ముదావహమే. అది గూళ్ల దాకా చొచ్చుకుపోవడమే ఆందోళనకరం.

మేత మేస్తున్న రాజహంసల గుంపు ఒక్కసారిగా లేస్తే రెక్కల్లో దాగిన ఎరుపు కనువిందు చేస్తుంది. ఆ ఒక్క దృశ్యం కోసం గుంపును అదిలించడం, డ్రోన్లు ఎగరేయడం ఎక్కడైనా పక్షి ఛాయాగ్రహణానికి పట్టిన చీడ. గూటిపై ఉన్న తల్లి బెదిరి లేస్తే నష్టం మరీ ఎక్కువ. కాకులు, గద్దలు గుడ్లను తన్నుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది. తుపాకి పట్టినవాడే వేటగాడు కాదన్నమాట. అభయారణ్యంలో ఛాయాగ్రహణానికి అనుమతి ఇచ్చే నిబంధనకు, ఆవాసానికీ ప్రాణులకూ హాని కలగరాదన్న షరతును 2022 సవరణ జోడించింది.

కత్తెరతో మేలూ ఉంది

కంప్యూటర్‌పై చేసే మార్పులన్నీ తప్పు కావు. నేటి మేలురకం కెమెరాలు నాలుగు కోట్లకు పైగా పిక్సెళ్లతో చిత్రాన్ని బంధిస్తున్నాయి. వీక్షణ గోపురం మీది నుంచే తీసి, తర్వాత కావలసినంత మేర కత్తిరించుకోవచ్చు. గూటిని సమీపించే అవసరాన్నే తప్పించే ఎడిటింగ్‌ను ఎవరు కాదంటారు?

ముక్కుకు అడ్డొచ్చిన కొమ్మను చెరిపేయడం, ఒంటరి పక్షి పక్కన మరొకదాన్ని అతికించడం వేరు. లండన్‌లోని నేచురల్‌ హిస్టరీ మ్యూజియం ఏటా నిర్వహించే వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీ ఇలాంటి చేర్పులను, తీసివేతలను అంగీకరించదు. తుది దశకు చేరినవారు కెమెరాలోని ముడి ఫైలును చూపాల్సిందే.

పోటీలకు మించిన చిక్కు మరొకటుంది. పక్షి ఫొటో నేడు శాస్త్రీయ ఆధారం కూడా. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు గూడు కట్టే కాలంలో తల, మెడ, వీపు నారింజ ఛాయకు మారతాయి. ఆ రంగును చూసే పరిశీలకులు దాని దశను అంచనా వేస్తారు. అందం కోసం రంగులు గాఢం చేస్తే ఆ అంచనా తలకిందులవుతుంది. వలస పక్షుల కాళ్లకు తొడిగిన ఉంగరాలపై అక్షరాలనూ ఫొటోల్లోనే చదువుతారు. మసకబారిన చిత్రానికి కృత్రిమ మేధతో పదును పెడితే లేని అక్షరాన్ని అది సొంతంగా సృష్టించవచ్చు. పక్షి ఎక్కడ బయల్దేరిందన్న లెక్కే మారిపోతుంది.

గూళ్ల ఫొటోలను స్వీకరించబోమని, ముడి ఫైలు లేనిదే బహుమతి ఇవ్వబోమని జిల్లాలో ఫొటో పోటీలు పెట్టేవారు ముందే ప్రకటించవచ్చు. అటవీ శాఖ సైతం అనుమతి పత్రంలోనే గూటికి పాటించాల్సిన దూరాన్ని స్పష్టంగా ముద్రించాలి. ఇందుకు నిధులేమీ అక్కర్లేదు.