లెక్కలో లేనివాళ్లనూ రాయించండి
కోనసీమ వాసులకు విజ్ఞప్తి

కోనసీమ గుమ్మం దాకా రైలు ఏనాడో వచ్చింది. కాకినాడ నుంచి గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1940లో ఆ పట్టాలు పీకి యుద్ధ అవసరాలకు పట్టుకుపోయారు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఆ దారిన రైలు లేదు. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకరుగా జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టడంతో పని మళ్లీ కదిలింది. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో కోటిపల్లికి రైలు తిరిగొచ్చింది. అక్కడి నుంచి గౌతమి దాటి అమలాపురం, వైనతేయ దాటి రాజోలు ప్రాంతం, వశిష్ట దాటి నరసాపురం చేరే 57 కిలోమీటర్ల మార్గం 2000-01లోనే మంజూరైంది. పాతికేళ్లయింది. నదిలో స్తంభాలు లేచాయి కానీ అమలాపురానికి రైలు ఇంకా రాలేదు.

రైలు రావాలి. ఆ మాటలో రెండో అభిప్రాయం లేదు. యానాం నుంచి అమలాపురం, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటే 216 నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య స్కూటరు నడిపే ఎవరినడిగినా ఆ రోడ్డూ వెడల్పు కావాలనే అంటారు. అయితే ఈ రెండు పనులకూ కావలసిన నేల ఎవరిది, ఆ నేల మీద ఎవరెవరు బతుకుతున్నారు అన్న లెక్క కాగితాల్లో ఉన్నంత చిన్నది కాదు. కోనసీమలో ఖాళీ జాగా అంటూ లేదు. ఇల్లు, ఇంటి వెనక దొడ్డి, దొడ్డి దాటితే కొబ్బరి తోట, తోట దాటితే పంట బోదె, బోదె అవతల చేను. ఇరవై సెంట్లు పోవడం అంటే చాలా ఇళ్లలో ఉన్నదంతా పోవడమే.

ఈ విజ్ఞప్తి ఒక్క విషయం కోసం. భూసేకరణ నోటీసు వచ్చాక కాదు, రాకముందే, ప్రతి ఊళ్లో అందరి పేర్లూ ఒక జాబితాగా రాయించండి. పట్టాదారుల పేర్లు ఎలాగూ రికార్డులో ఉంటాయి. లేనివి కౌలు రైతులవి, కొబ్బరి దింపు కార్మికులవి, కాలవ గట్టు మీద ఇళ్లు వేసుకున్నవాళ్లవి, రోడ్డు వార బడ్డీ పెట్టుకున్నవాళ్లవి. పరిహారం పంచేనాటికి వీళ్లు కనిపించకపోతే తప్పు ఒక్క అధికారులదే అనడం కుదరదు. ఊరు కూడా తన మనుషులను తాను లెక్కపెట్టుకోవాలి.

చట్టం వీళ్లను మర్చిపోలేదు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం ‘బాధిత కుటుంబం’ అనే మాట కిందికి భూమి ఉన్నవాళ్లనే కాదు, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడ్డ కూలీలను, కౌలుదార్లను, చేతివృత్తులవాళ్లను కూడా తెచ్చింది. పట్టణ ప్రాంతంలో మూడేళ్లుగా ఒక నేల మీద నివాసం ఉంటే, ఆ నేల ఎవరి పేరన ఉన్నా, ఆ కుటుంబమూ బాధిత కుటుంబమే. అమలాపురంలాంటి చోట కాలవ గట్ల వెంబడి ఉండేవాళ్లకు ఇదే ఆధారం. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు వేరే కుటుంబాలుగా లెక్కకొస్తారు. పెళ్లి కాని మేజరు కొడుకైనా కూతురైనా అంతే. ఈ సంగతి తెలియకే ఎన్నో ఇళ్లలో నాలుగు కుటుంబాలు ఒకే పేరు కింద పడిపోతాయి.

రైల్వే చట్టం, జాతీయ రహదారుల చట్టం వేరు కదా, వాటికీ ఇది వర్తిస్తుందా అని కొందరికి అనుమానం. 2015 ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో పరిహారం, పునరావాసం విషయంలో ఆ చట్టాల కింది సేకరణలకూ 2013 చట్టం లెక్కలే వర్తిస్తున్నాయి. అభ్యంతరాలు చెప్పుకునే గడువు మాత్రం చట్టాన్నిబట్టి మారుతుంది. 2013 చట్టం కింద 60 రోజులు, రైల్వే చట్టం కింది ప్రత్యేక ప్రాజెక్టయితే 30 రోజులు, జాతీయ రహదారి అయితే 21 రోజులే. నోటీసు చేతికొచ్చిన రోజున మొదట చూడాల్సింది మొత్తం ఎంత అన్నది కాదు, ఏ చట్టం కింద ఇచ్చారన్నది.

ఇక డబ్బు లెక్క. భూమి మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతంలో రాష్ట్రం 1 నుంచి 2 మధ్య నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. దానికి ఇల్లు, బావి, చెట్ల విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి అంతే మొత్తం సొలేషియంగా, అంటే ఊరట సొమ్ముగా చేరుతుంది. అంటే చెట్టు విలువలో ఒక రూపాయి తక్కువ రాస్తే యజమానికి పోయేది రెండు రూపాయలు. కోనసీమలో ఈ ఒక్క లెక్కే ఇళ్లను నిలబెడుతుంది, కూలుస్తుంది.

ఎందుకంటే ఇక్కడ నేల మీది ఆస్తిలో పెద్ద భాగం కొబ్బరే. దేశవాళీ పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ తర్వాత అరవై ఏళ్లయినా కాస్తుంది. ఎకరాకు అరవై డెబ్బై చెట్లు, వాటి నీడన కోకో, అరటి, పోక, కంద. ఏడాది పొడవునా దింపులు తీస్తూ ఇంటి ఖర్చుకు డబ్బు అందించే తోట అది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కూలిన తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఆ మధ్యకాలంలో ఎంతమంది అప్పుల పాలయ్యారో ఈ సీమలో పెద్దవాళ్లందరికీ తెలుసు. తుపానుకు పోయిన తోట స్థలమైనా మిగిల్చింది. రైలు కట్ట కింద పోయే తోట అదీ మిగల్చదు. కాబట్టి చెట్టుకు ఇంత అని ఒకే రేటు వేస్తామంటే ఒప్పుకోకూడదు. చెట్టు వయసు, కాపు, ఇంకా ఎన్నేళ్లు కాస్తుంది అన్నవి వేరువేరుగా నమోదు కావాలి. చెట్ల విలువ కట్టడానికి ఉద్యాన రంగంలో అనుభవం ఉన్నవాళ్ల సాయం తీసుకునే వీలు చట్టంలోనే ఉంది. అందుకు ఎక్కడికో పోనక్కరలేదు, కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం అంబాజీపేటలోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తల చేత విలువ కట్టించాలని గ్రామసభలు తీర్మానం చేసి కలెక్టరుకు పంపితే, కాదనడానికి కారణం ఉండదు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. భూమి మార్కెట్ విలువకు ఒక ఆధారం గత మూడేళ్లలో ఆ చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లు. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు తీస్తారు. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి చేతులు మారిన సొమ్ములో మూడో వంతే కాగితం మీద రాయించే అలవాటు ఊరంతటి పరిహారాన్నీ దించేస్తుంది. పొలం అమ్ముకున్నవాడికి ఇబ్బంది లేదు, పక్క పొలం పోగొట్టుకున్నవాడు నష్టపోతాడు.

కౌలు రైతు సంగతి వేరు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో పంట విరామం ప్రకటించారు. ఆ నాడు దేశమంతా ఇటు చూసింది. ఆ చేలల్లో చాలావాటిని దున్నేది కౌలుదార్లే. భూమి పోతే యజమానికి పరిహారం వస్తుంది, శిస్తు కట్టిన కౌలుదారుకు ఉత్త చేతులు మిగులుతాయి. నోటిమాట మీద నడిచే కౌలుకు రుజువు లేకపోవడమే దీనికి మూలం. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే పదకొండు నెలల కార్డు, ఈ-క్రాప్ నమోదు, ఎరువుల రసీదు, సహకార సంఘం అప్పు కాగితం ఏది ఉన్నా దాచుకోవాలి. భూయజమానులకు ప్రత్యేకంగా ఒక వేడుకోలు. కౌలు కార్డు మీద సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం అక్కరలేదు. ఆ కార్డు యాజమాన్య హక్కు ఇవ్వదు. కౌలుదారుకు చట్టం ఇచ్చే పునరావాస మొత్తం యజమాని వాటాలోంచి తీసిందీ కాదు.

ఆ మొత్తాలేమిటంటే, బతుకుదెరువు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు 2 వేల చొప్పున 20 ఏళ్లు. ఊరు విడవాల్సి వస్తే ఏడాదిపాటు నెలకు 3 వేలు, సామాను తరలింపుకు 50 వేలు, స్థిరపడడానికి మరో 50 వేలు. చిన్న దుకాణానికో పశువుల పాకకో కనీసం 25 వేలు. ఇవి 2013లో రాసిన అంకెలు. ఈ రోజు అమలాపురంలో గది అద్దె ఎంతో తెలిసినవాళ్లెవరూ నెలకు 3 వేలతో కుటుంబం గడుస్తుందని అనరు. ఇంతకు మించి రాష్ట్రం ఇచ్చుకోవచ్చని అదే చట్టం చెప్పింది కనుక, అడగాల్సింది కోనసీమ శాసనసభ్యులనే.

లెక్కపెట్టడంలో తప్పు జరిగితే ఏమవుతుందో బొంబాయి చూపించింది. 2002లో ప్రపంచబ్యాంకు అప్పుతో అక్కడ మొదలైన నగర రవాణా ప్రాజెక్టులో దాదాపు 80 వేల మంది ఇళ్లు పోతాయనుకున్నారు. తీరా చూస్తే ఆ సంఖ్య లక్షా 20 వేలకు చేరింది. పట్టాల పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్లకు 225 చదరపు అడుగుల గదులు వచ్చాయి, అది మంచి పనే. కానీ ఏళ్ల తరబడి వ్యాపారం చేసుకున్న దుకాణదార్లు ఆ కొలతలో ఇమడలేక 2004లో ప్రపంచబ్యాంకు తనిఖీ సంఘానికి ఫిర్యాదు చేశారు. 2006 మార్చిలో బ్యాంకు ఆ భాగాలకు డబ్బు ఆపేసింది, కొన్ని నెలల తర్వాత పరిస్థితి సర్దుకున్నాక గానీ విడుదల చేయలేదు. పేదలకు న్యాయం చేస్తే ప్రాజెక్టు ఆలస్యమవుతుందనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అక్కడ పని ఆగింది న్యాయం చేయనందుకు.

లెక్క సరిగ్గా తీయడంతోపాటు ధర దాచకపోవడమూ ముఖ్యమే. హైదరాబాద్ పాతబస్తీ మెట్రోకు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మేర ఆస్తులు సేకరించినప్పుడు గజానికి 81 వేల రూపాయలని ధర బహిరంగంగా ప్రకటించి, 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు. ఆ ధర చాలా చాలదా అన్న వాదన అలా ఉంచి, పక్కింటివాడికి ఎంత వచ్చిందో అందరికీ తెలిస్తే దళారికి చోటు తగ్గుతుంది. కోనసీమలో కూడా సర్వే నంబరు వారీగా ధర పంచాయతీ గోడ మీద అంటించాలి.

మరో నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు. కోనసీమ పల్లం నేల. పొలాల్లో నిలిచిన నీరు కౌశికలాంటి మురుగు కాలవల్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోవాలి. ఎత్తయిన రైలు కట్టకో రోడ్డుకో సరిపడా తూములు పెట్టకపోతే, సెంటు భూమి కూడా పోని రైతు చేను మునుగుతుంది. సేకరణ వల్ల మిగిలిన భూమికి కలిగే చేటును, తోట రెండు ముక్కలవడం వల్ల వచ్చే నష్టాన్ని పరిహారంలో కలపాలని చట్టం చెబుతోంది. అయితే పూర్తిగా తన భూమి బయటే ఉన్న రైతుకు ఆ దారి లేదు. అతనికి తూమే పరిహారం. ఏ బోదె ఎటు పారుతుందో ఇంజనీర్ల పటం కన్నా నీరుకట్టే మనిషికి బాగా తెలుసు. సర్వే రోజున అతన్ని వెంట తీసుకెళ్లండి.

రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఉన్నవాళ్లకు కూడా ఈ విన్నపం చేరాలి. వాళ్లలో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు చాలామంది. నోటీసు ఊళ్లో తాళం వేసిన ఇంటికి వస్తుంది, గడువు దాటిపోతుంది. 2013 చట్టం కింద, పరిహారం ఖరారు చేసే అవార్డు రోజున హాజరైతే మొత్తం చాలదని భూసేకరణ అథారిటీకి వెళ్లడానికి ఆరు వారాలే గడువు. నమ్మకమైన బంధువు పేర అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ముక్తారునామా ముందే పంపి ఉంచుకోవడం మంచిది.

చివరగా చదువుకున్నవాళ్లకు, పింఛను మీద ఉన్న ఉపాధ్యాయులకు, రెవెన్యూలో పనిచేసి ఇంటికొచ్చినవాళ్లకు, అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లోని న్యాయవాదులకు ఒక కోరిక. వారంలో ఒక సాయంత్రం పంచాయతీ కార్యాలయంలోనో రామాలయం అరుగు మీదో కూర్చోండి. ఇంటింటి పేరు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఎన్ని చెట్లు, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరు దింపు తీస్తున్నారు, ఏ బడ్డీ ఎవరిది అని ఒక పుస్తకంలో రాయండి. తారీఖు వేసి, ఫొటోలు జతచేసి, గ్రామసభలో చదివి వినిపించి, ఒక ప్రతి ఆర్డీవో కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పరిహారం పూర్తిగా చెల్లించాకే భూమి స్వాధీనం చేసుకోవాలన్న నిబంధన 2013 చట్టంలో ఉంది. ఆ పుస్తకంలోని ప్రతి పేరుకూ సొమ్ము అందిందో లేదో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టి చూసుకున్నాకే ఊరు తన నేల అప్పగించాలి.