ఎదురుకాల్పుల దేశపటము

2022 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖవారు లోకసభకు సమర్పించిన సమాధానములో ఒక పట్టిక యున్నది. 2017 జనవరి మొదలు 2022 జనవరి వరకు పోలీసు ఎదురుకాల్పులందు దేశములో 655 మంది మరణించిరని దాని సారాంశము. అందు ఛత్తీస్‌గఢ్‌లో 191 మంది, ఉత్తరప్రదేశ్‌లో 117 మంది, అస్సాములో 50 మంది, ఝార్ఖండులో 49 మంది, ఒడిశాలో 36 మంది. మొత్తములో దాదాపు సగము మొదటి రెండు రాష్ట్రములదే. దేశమంతటను ఒకే రాజ్యాంగము, ఒకే శిక్షాస్మృతి. పోలీసుశాఖ నడవడియు అంతటను 1861 నాటి చట్టపు మూసనుండి వచ్చినదే. అట్లుండ, ఒక యెల్లకు ఈవల పట్టువడి న్యాయస్థానమున నిలుచు మనుష్యుడు ఆ యెల్లకు ఆవల శవమై తేలుటకు కారణమేమి?

అధికారవర్గములనుండి దీనికి వచ్చు సమాధానము సులభమైనది: నేరము హెచ్చుగా నున్నచోట కాల్పులును హెచ్చుగా నుండునని. ఇందు కొంత సత్యము లేకపోలేదు. బస్తరు అడవులలో దశాబ్దములుగా సాయుధసమరము నడచినది. అచట పోలీసువారును, కేంద్రదళములవారును వందలకొలది ప్రాణములు గోలుపోయిరి. 2008 జూన్‌లో బలిమెల జలాశయమున పడవపై వచ్చుచున్న మన గ్రేహౌండ్సు దళముపై జరిగిన దాడిలో ముప్పదిమందికి పైగా అసువులు బాసిరి. తనపై గుండ్లు కురియుచుండగా పోలీసువాడు చేతులు ముడుచుకొని నిలువవలెనని బుద్ధిమంతుడెవ్వడును అనడు. ఆత్మరక్షణహక్కు పౌరునకెంత కలదో ఆతనికిని అంత కలదు. కాని ఉత్తరప్రదేశ్‌లో యుద్ధము లేదు. బొంబాయి నగరములో అడవి లేదు. అక్కడి లెక్కలకు ఈ సమాధానము చాలదు.

బొంబాయి చరిత్రను చూడుడు. 1995 మొదలు 1997 వరకు ఆ నగరమున జరిగిన 99 ఎదురుకాల్పులలో సుమారు 135 మంది మరణించిరని సుప్రీంకోర్టు విచారించిన వ్యాజ్యమొకటి చెప్పుచున్నది. ఎందరిని కాల్చినది లెక్కించుకొని కొందరు అధికారులు పత్రికలలో వీరులుగా వెలసిరి. తరువాత, 2006లో ఒకనిని పట్టుకొనిపోయి చంపిన నేరమునకై 13 మంది పోలీసు ఉద్యోగులకు 2013లో యావజ్జీవశిక్ష పడినది. ఆ వీరులలో మిక్కిలి పేరుమోసిన యధికారిని అదే కేసులో హైకోర్టు 2024లో దోషిగా నిర్ణయించినది. ఆ నగరమున నేరము మాయము కాలేదు. అయినను ఆ పాత సంఖ్యలు మరల రాలేదు.

అస్సాములో జరిగినది దీనికి వ్యతిరేకము. 2021 మే మాసమున క్రొత్త మంత్రివర్గము వచ్చినది. అది మొదలు మరుసటి యేడు ఆగస్టు వరకు జరిగిన పోలీసుచర్యలు 171 అని ఆ ప్రభుత్వమే ఒప్పుకొనినది. 2025 మే 28వ తేదీని సుప్రీంకోర్టు ఈ వ్యవహారమును రాష్ట్ర మానవహక్కుల కమిషనుకు అప్పగించి, స్వతంత్రముగా విచారింపుమని యాదేశించినది. ఉత్తరప్రదేశ్‌లోను 2017లో వచ్చిన ప్రభుత్వము ఎదురుకాల్పులను తన ఘనకార్యములలో నొకటిగా చాటుకొనినది. పదునారు మాసములలో ఒక రాష్ట్రపు ప్రజల స్వభావము మారునా? నేరస్థుల సంతతి రాత్రికి రాత్రి పుట్టుకొని వచ్చునా? మారినది పాలకుల మాట. ఎదురుకాల్పుల దేశపటము నేరముల దేశపటము కాదు. అది అనుమతుల దేశపటము. పైనుండి అనుమతి దిగినచోట తుపాకి పేలును; అనుమతి ఉపసంహరింపబడినచోట మూగవోవును.

దీనికి దూరదేశపు సాక్ష్యము అక్కరలేదు, మన ఇంటి సాక్ష్యమే యున్నది. శ్రీకాకుళపు కొండలలో 1969, 1970 సంవత్సరములలో పోలీసులు ప్రారంభించిన విద్య కాలక్రమమున గోదావరి దాటి కరీంనగరము, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాలకు ప్రాకినది. 1977లో జస్టిస్ తార్కుండేగారి అధ్యక్షతను విచారించిన సంఘము, ఎదురుకాల్పులనబడినవానిలో పట్టువడినవారిని చంపిన ఉదంతములు కలవని బయటపెట్టినది. ప్రభుత్వమువారు నియమించిన భార్గవా కమిషను విచారణ నడుమనే నిలిచిపోయినది. ఇట్టి మరణములను గూర్చి జాతీయ మానవహక్కుల సంఘము 1996లో మొట్టమొదట ఒక పద్ధతిని నిర్ణయించినదియు మన రాష్ట్రమునుండి వెళ్లిన ఫిర్యాదులమీదనే. మన శవములే దేశమునకు నియమములు నేర్పినవన్నమాట!

అయినను, అనుమతి యను మాటకు అన్నింటికంటె గట్టి నిదర్శనము 2004వ సంవత్సరము. ఆ యేడు శ్రీ ఎస్. ఆర్. శంకరన్ ప్రభృతుల మధ్యవర్తిత్వమున ప్రభుత్వమునకును నక్సలైటులకును సంధిప్రయత్నములు సాగి, అక్టోబరులో హైదరాబాదున చర్చలు జరిగినవి. ఆ కొలది మాసములలో ఎదురుకాల్పులు దాదాపు నిలిచిపోయెను. 2005 జనవరిలో సంధి చెడగనే మరల మొదలాయెను. అడవి అదియే, మనుష్యులు వారే, తుపాకులును అవియే. "హఠాత్తుగా తారసపడితిమి, వారు కాల్చిరి, మేమును కాల్చితిమి" అని ప్రతి ప్రకటనలోను చదివెడి ఆ హఠాత్సంఘటనలు అన్ని మాసములు సెలవు పుచ్చుకొనుట యెట్లు సంభవించెను? పాఠకులే యోచింతురుగాక.

పిమ్మట సమరము మన యెల్ల దాటి బస్తరునకు జరిగినది. పట్టికలో మన సంఖ్య తగ్గి వారి సంఖ్య పెరిగినది. మన పొరుగుననున్న బీజాపూరు జిల్లాలో, సర్కేగూడ వద్ద 2012 జూన్ నెలలో 17 మందిని మావోయిస్టులని కాల్చిరి. వారు మావోయిస్టులని చూపు సాక్ష్యము లేదని జస్టిస్ అగర్వాల్ కమిషను నివేదిక 2019లో వెల్లడియైనది. 2013 మే మాసమున ఎడెస్‌మెట్టలో నలుగురు బాలురతో కూడ ఎనమండుగురు హతులైరి. వారును మావోయిస్టులు కారని అదే కమిషను తేల్చిన సంగతి 2022లో శాసనసభ ముందుకు వచ్చినది. చచ్చినవారికి ఏడేండ్లు, తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట నిర్దోషులను బిరుదు లభించినది! ఉరిశిక్ష వేయు న్యాయాధిపతికి పైన హైకోర్టు కలదు, దానిపైన సుప్రీంకోర్టు కలదు, అటుపైన రాష్ట్రపతి క్షమాభిక్ష కలదు. అడవిలో తీర్పు చెప్పు తుపాకికి అప్పీలు ఎక్కడ?

అడవి దాటి వచ్చినను మన కథ మారలేదు. 2015 ఏప్రిల్ 7వ తేదీని, ఒకేదినమున, శేషాచలము అడవులలో తమిళనాటి కూలీలు 20 మంది ఎర్రచందనపు దొంగలన్న పేర కాల్పులలో చచ్చిరి. ఆలేరు సమీపమున, వరంగల్లు చెరసాలనుండి హైదరాబాదు న్యాయస్థానమునకు కొనిపోబడుచున్న అయిదుగురు విచారణఖైదీలు పోలీసుబండిలోనే చచ్చిరి. ఆయుధము లాగుకొనబోయిరని కారణము చెప్పిరి. పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రములందు ఆ శవముల చేతులకు సంకెళ్లుండెను. అప్పటికి రాష్ట్రము రెండైనది. పద్ధతి మాత్రము ఉమ్మడియాస్తిగనే మిగిలినది.

ఇంతవరకు ప్రభుత్వములను, పోలీసులను అంటిమి. ఇప్పుడు మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి యున్నది. పాలకులకు ఆ అనుమతి నిచ్చువారెవరు? 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘాతుకమునకు తెలుగుదేశమంతయు తల్లడిల్లినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున నిందితులు నలుగురును చటాన్‌పల్లి వద్ద పోలీసుకాల్పులలో చచ్చిరి. ఆనాడు చదువుకొన్నవారు, ఆస్తిపరులు, గృహస్థులు పోలీసువారిపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది: చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, మృతులలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసు ఉద్యోగులను హత్యానేరమునకు విచారింపవలెననియు అందున్నది. ఆ నివేదిక వచ్చిన దినమున పూలు చల్లినవారిలో ఎందరు దానిని చదివిరి?

మన భాగవతకథను ఒకసారి తలపునకు తెచ్చుకొందము. నిద్రించు పసివారి నైదుగురిని చంపిన అశ్వత్థామ నేరమును గూర్చి సందేహము లేదు. చంపెదనని అర్జునుడు ప్రతిన పట్టియుండెను. అయినను త్రోవలో తల నరుకక, బంధించి తెచ్చి ద్రౌపది యెదుట నిలిపెను. ఆమె మాట విని, ధర్మజుని మాట విని, శిరోమణిని గైకొని వెడలగొట్టిరి. కడుపుకోతకంటె పెద్ద కోపమేది? ఆ కోపమునుగూడ సభకు రప్పించి నిలిపిన సంప్రదాయము మనది. న్యాయస్థానములు మందగించినవన్న మాట నిజమే. న్యాయాధికారుల సంఖ్య పెంచుడు, విచారణకు గడువులు పెట్టుడు. పంటకాలువ పూడినదని చెరువుకట్ట తెగగొట్టు రైతు కలడా?

చట్టము మౌనముగా లేదు. మరణశిక్షకో యావజ్జీవమునకో అర్హమైన నేరము మోపబడని వానిని పట్టుకొనుటలో ప్రాణము తీయు హక్కు పోలీసునకు లేదని పాత క్రిమినలు ప్రొసీజరు కోడులో నుండినది, నేటి నాగరిక సురక్షా సంహితలో 43వ సెక్షనుగా నున్నది. ప్రతి కాల్పుమరణమును హత్యానేరముగా నమోదుచేసి, ఆత్మరక్షణ వాదమును న్యాయస్థానమున రుజువు చేసికొనవలెనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2009 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు దాని యమలును నిలిపివేసినది. అయినను అదే సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న పదునారు నియమములు విధించి, ప్రథమసమాచార నివేదికయు, సి.ఐ.డి. చేగాని వేరొక స్టేషనువారిచేగాని దర్యాప్తును, మేజిస్ట్రీటు విచారణయు తప్పనిసరి యనినది. వెంటనే బిరుదులు, ప్రమోషనులు ఈయరాదనినది. ఇవి కాగితముపై నిద్రించుచున్నవి. నిద్ర లేపవలసినది మనము.

పోలీసుశాఖలోని పెద్దలకును ఒక మాట. 1970లో కేరళమున వయనాడు అడవిలో వర్గీసు అను నక్సలైటును చంపిన కాల్పు ఎదురుకాల్పు కాదనియు, పైయధికారుల యుత్తరువున తానే కాల్చితిననియు ఒక కానిస్టేబులు 1998లో వెల్లడించెను. 2010లో ఆ యధికారికి వార్ధక్యమున యావజ్జీవశిక్ష పడినది. ఇరువదియెనిమిదేండ్లు ఒక సామాన్యోద్యోగి మనస్సున మోసిన భారమెంతటిదో! ఉత్తరువిచ్చువాడు మాటతో తప్పించుకొనును. గుండు మాత్రము కానిస్టేబులు చేతినుండి పోవును. చట్టప్రకారము విచారణ జరిగినచో నిజముగా ఆత్మరక్షణార్థము కాల్చినవానికి ఆ విచారణయే కవచము.

కావున రెండు తెలుగు ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. ప్రతి సంవత్సరము జిల్లావారీగా, పోలీసుకాల్పులలో చచ్చినవారి పట్టికను శాసనసభ ముందుంచుడు. ప్రతి మేజిస్ట్రీటు విచారణ నివేదికను ఆరుమాసములలో ప్రకటింపుడు. దర్యాప్తును కాల్చినవారి సహోద్యోగులకు అప్పగింపకుడు. సిర్పుర్కర్ నివేదికపై చర్యను ఇక జాగుచేయకుడు. ఇందు పోలీసువారి చేతులు కట్టివేయునది ఒక్కటియు లేదు. కన్నులు తెరపించునది మాత్రమే యున్నది.

1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును పట్టుకొనిన పిమ్మట కాల్చి, పారిపోబోయెనని చెప్పినది పరాయిప్రభుత్వము. ఆ మాటను నాడు తెలుగువాడెవ్వడును నమ్మలేదు. నేడు ఆ వీరుని పేర ఒక జిల్లాయే యున్నది. ఆ జిల్లా అడవులలోనే మారేడుమిల్లి వద్ద 2025 నవంబరులో మరల ఎదురుకాల్పులు జరిగి, మరల అట్టి ప్రకటనయే వెలువడినది. అది నిజమో కాదో మేము ముందుగా చెప్పజాలము. నిజమైనచో న్యాయస్థానమున నిరూపింపుడు. పరాయివాడు చెప్పినప్పుడు రుజువడిగిన జాతి, తనవాడు చెప్పినప్పుడు అడుగుట మానినచో, వచ్చిన స్వరాజ్యమునకు అర్థమేమి?