రాత్రి పదింటికి తెరిచే కొట్టు

రాత్రి పదయింది. కూకట్‌పల్లిలో ఓ ఫ్లాటు వంటింట్లో, పగలంతా లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి గోంగూర పచ్చడి సీసాలకు మూతలు బిగిస్తోంది. మూతి అంచున నూనె తుడిచి వాళ్లమ్మ చీటీలు అంటిస్తోంది. తెల్లారితే కొరియర్ అబ్బాయి వస్తాడు. తొమ్మిదింటికి ఆమె ఆఫీసులో ఉండాలి. మన ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఎన్నో.

ఇదేం కొత్త కాదు. 1969లో కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూనే పెరట్లో బట్టల పొడి తయారుచేసి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి కిలో మూడు రూపాయలకు అమ్మారు. అదే నిర్మా. జీతం ఆసరా ఉంటేనే కదా ఎవరైనా అలా తెగించేది!

ఇప్పటి కంపెనీల సంగతి చూద్దాం. ఉద్యోగంలో ఉంటూనే పోటీ కంపెనీలకు పనిచేశారని ఐటీ సంస్థ విప్రో 2022లో 300 మందిని తీసేసింది. అందులో తప్పుపట్టాల్సింది లేదు. కానీ పచ్చడి అమ్ముకోవడం ఆ కోవలోకి ఎలా వస్తుంది? రెంటినీ ఒకే గాటన కట్టే నియామక పత్రాలు ఇంకా ఉన్నాయి. అదే ఏడాది ఇన్ఫోసిస్ ముందస్తు అనుమతితో బయటి పనులకు వీలిచ్చింది. మిగతా కంపెనీలూ ఏది కూడదో, ఏది ఫర్వాలేదో స్పష్టంగా రాసివ్వాలి.

ఉద్యోగుల వైపు నుంచీ జాగ్రత్త కావాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ ఆదాయాన్నీ పన్ను రిటర్నులో చూపాలి, కంపెనీ లాప్‌టాప్‌లో ఆర్డర్ల లెక్కలు పెట్టకూడదు. అన్నిటికన్నా మాకు బెంగ కలిగించేది వాళ్ల నిద్ర. ఆదివారం ఒక్కరోజైనా ఆ పొయ్యి వెలగకపోతే బాగుండును.