మరొకరు – 1

పోయిన సంచికలో మా పెదనాన్నగారు పోయాక సత్రం తాళంచెవి నా చేతికి వచ్చిందని రాశాను. తాళం తీశాక ఏం దొరికిందని చాలామంది అడిగారు. లంకెబిందెలు దొరకలేదండీ. రెండు పద్దు పుస్తకాలు దొరికాయి.

కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు ముక్కలు. మా సత్రం గంజాం జిల్లాలో మద్రాసు–కలకత్తా రోడ్డు పక్కన, స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. దక్షిణాది నుంచి పూరీకి కాలినడకన, బళ్ల మీద వెళ్లే యాత్రికుల కోసం మా ముత్తాతగారు కట్టించారు. 1897లో పూరీకి రైలు పడ్డాక నడిచి వెళ్లేవారు తగ్గిపోయారు. అయినా రైలు దిగి వచ్చేవారికి రెండు పూటలా ఆకు వేస్తూనే వచ్చారు. 1936 ఏప్రిల్ 1న జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలో కలిసింది. సత్రం లెక్కలు మాత్రం తెలుగులోనే సాగాయి.

మా తాతగారు బరంపురంలో ఉండి పొలాలు చూసుకునేవారు. సత్రం నడిపింది ఆయన తమ్ముడు, మా చిన్నతాత. 1943లో, బియ్యం ప్రాణంతో సమానమైన రోజుల్లో, తాతగారు ఒకరోజు వచ్చి లెక్క చూశారట. తిన్నవారి పేర్లు ఎనిమిది, వేసిన ఆకులు తొమ్మిది. ముందు రోజూ అంతే, ఆ ముందు నెలా అంతే. ప్రతి రాత్రీ చివరి వరసలో "మరొకరు – 1". పేరు లేదు, ఊరు లేదు.

"పేరూ ఊరూ లేనివాడు రోజూ వచ్చి తింటున్నాడటరా?" అన్నారట తాతగారు.

"లెక్క అంతా చూడన్నయ్యా" అని ఊరుకున్నారట చిన్నతాత.

రోజూ సోలెడు బియ్యం అమ్ముకుంటున్నాడని తాతగారు తీర్మానించారు. తాళాలు లాక్కున్నారు. చిన్నతాత ఆ రాత్రి బండికే ఖరగపూరు వెళ్లి రైల్వేలో చేరారు. మళ్లీ పెళ్లికీ రాలేదు, చావుకీ రాలేదు. మా చిన్నప్పుడు ఎవరైనా చాటుగా లడ్డు తీస్తే "మరొకరు లెక్కా?" అని నవ్వేవాళ్లం. అది ఒక మనిషి పరువు అని మాకేం తెలుసు!

ఇప్పుడు సత్రం అమ్మేసి లాడ్జి కట్టించాలని మావాళ్ల ఆలోచన. సామాను చూడడానికి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదువుకున్నది ఒడియాలో. పుస్తకం తెరిచి "ఏం భాష అత్తయ్యా ఇది?" అన్నాడు. వాణ్ణి ఏమనను? నయాపైసలు రాకముందు నాటి అణా పైసల లెక్క, పైగా గొలుసుకట్టు రాత. నాకే వారం పట్టింది. తీరా చదివితే తాతగారి మాటే నిజం. ఒక్క రాత్రి కూడా తప్పకుండా "మరొకరు – 1". మనసు చివుక్కుమంది.

రెండో పుస్తకం పశువులసాల అటక మీద దొరికింది. పశువుల పద్దు. తవుడు, చిట్టు, తెలగపిండి. చదవక్కర్లేదనుకుని పక్కన పెట్టబోయాను. ప్రతి ఉదయం మొదటి వరస నన్ను ఆపింది: "రాత్రి అన్నం ఒక ఆకు – ఆవుకు." నెలలో అయిదారు రోజులు మాత్రం "ఆవుకు లేదు" అని ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో: "రాత్రి బండి. కాశీబుగ్గ మనిషి." ఇంకో రోజు: "రాత్రి బండి. ఇచ్ఛాపురం ముసలమ్మ, మనవడు. ఆకు ఒకటే."

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఏడాది లెక్క సరిచూశాను. ఒక్క ఆకు తేడా లేదు. పొయ్యి ఆర్పాక వచ్చే మనిషి కోసం రోజూ ఒక ఆకు మూసి ఉంచేవారన్నమాట. ఎవరూ రాకపోతే తెల్లారి ఆవుకు పెట్టేవారు. "లెక్క అంతా చూడన్నయ్యా" అన్నది అందుకే. తాతగారు సగం లెక్కే చూశారు.

ఖరగపూరులో చిన్నతాత మనవరాలు, నాకు అక్కయ్య వరస, ఉందని తెలిసి ఫోను చేశాను. ఆ పేజీలు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్న బతికుండగా చేసి ఉంటే బాగుండేదమ్మా" అంది చివరికి. దానికి నా దగ్గర జవాబు లేదు. మొన్న రథయాత్రకు వచ్చింది. పశువుల పద్దు ఆమె చేతిలో పెట్టాను.

అమ్మకం మాటంటారా? వకీలుగారు పాత దానపత్రం చదివి, "ఇది ధర్మానికి రాసిన ఆస్తి. మీరు ధర్మకర్తలే గాని హక్కుదారులు కారు" అని తేల్చారు. కొందరు ముఖం ముడుచుకున్నారు. కప్పు బాగు చేయించడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో నాకూ తెలియదు. తాళంచెవులు మాత్రం రెండు చేయించాం. ఒకటి ఖరగపూరు వెళ్లింది.

మీ అటకల మీదా పాత పద్దులు ఉంటాయి. కాటాకు వేసేముందు ఒకసారి చదవండి, పశువుల పద్దయినా సరే. చదవగలిగే పెద్దలుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మా మేనల్లుడు ఓనమాలు మొదలుపెట్టాడు. మీకేం దొరికిందో వచ్చే సంచికకు రాసి పంపండి.