కొంటెతనం ఎవరి సొత్తు?

ఇటీవల రాజమండ్రిలో జరిగిన ఒక సాహిత్యసభలో, గోదావరి ప్రజల స్వభావాన్ని వక్త ఒకాయన 'కొంటె' అన్న ఒక్క విశేషణంతో తేల్చివేశారు. ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణనూ, ఆయన బుడుగునూ సాక్ష్యానికి పిలిచారు. బుడుగుతో నాకు తగవు లేదు. పెద్దల పెద్దరికాన్ని పసివాడు వేళాకోళం చేయడం కొంటెతనమే. మా పెళ్ళిళ్ళలో వియ్యాలవారు పాటల్లో దెప్పుకోవడమూ కొంటెతనమే. ఈ పక్కవారు ఒకటంటే ఆ పక్కవారు రెండంటారు. తిరిగి అనే హక్కు లేనివారి మీద చేసిన పనికి కూడా ఈ ముద్దుపేరే పెట్టడం మీదనే నా అభ్యంతరమంతా.

నా చిన్నతనంలో, కోనసీమలో, ఇద్దరం కలిసి ఒకరి తోటలో కొబ్బరి బొండాలు దింపాం. నేను భూమి ఉన్న ఇంటివాణ్ణి. రెండోవాడు మా పాలేరు కొడుకు. చెట్టెక్కింది వాడే, తాగింది ఇద్దరమూ. తోటగలాయన నన్ను 'కొంటెవెధవ' అని నవ్వి వదిలేశాడు. వాణ్ణి 'దొంగవెధవ' అని చెట్టుకు కట్టించాడు. చేసిన పని ఒకటే. విశేషణాన్ని నిర్ణయించింది మా నాన్న పొలం. ఆ పూట నేను నోరెత్తలేదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

విమర్శలోనూ ఇదే పద్ధతి. పూటకూళ్ళమ్మ డబ్బు ఎగవేసిన గిరీశాన్ని 'చిలిపివాడు' అని పాఠం చెప్పే మాస్టర్లను ఎరుగుదును. ఇంగ్లీషు ముక్కలు రాని మనిషి ఆ పని చేస్తే వారు ఆ మాట వాడతారా?

ఇక ఆడపిల్లల సంగతి. బస్సు దిగిన దగ్గర నుంచి ఇంటిదాకా వెంటపడినవాణ్ణి సినిమా 'చిలిపి' హీరోను చేస్తుంది, పత్రిక 'ఆకతాయి' అంటుంది, ఇంట్లో పెద్దలు 'కుర్రతనం, పోనిద్దూ' అంటారు. అదే పిల్ల ఎదురు తిరిగి ఒక్క మాట అంటే 'బరితెగించింది'. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354-డి సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను అయింది. అది ముందు అడిగేది ఆమె ఇష్టం లేదని స్పష్టం చేసిందా అని. మన విశేషణానికి ఆ ప్రశ్న తట్టనే తట్టదు.

సభ చివర లేచి నేను అడిగాను: మా పాలేరు కొడుకు ఎందుకు కొంటెవాడు కాలేకపోయాడు? అధ్యక్షులు వాచీ చూసుకుని, 'మాస్టారిది కొంటె ప్రశ్న' అన్నారు. అందరూ నవ్వారు. వందన సమర్పణ మొదలైంది.